గజాలీ, ఇబ్న్ ఖల్దూన్ చదివితే ఇప్పటి ఎకనామిక్స్ పరిశోధనకు ఉపయోగమేనా?

ప్రశ్న అడిగినవారు పీహెచ్‌డీ టాపిక్ వెతుక్కుంటున్నారు. గజాలీ, ఇబ్న్ ఖల్దూన్ మధ్యయుగపు ముస్లిం పండితులు. పాతకాలపు ఇస్లామిక్ ఆలోచన ఇవాళ్టి ఫైనాన్స్ పరిశోధనకు పనికొస్తుందా, లేక "ఇదంతా మా వాళ్లు ఎప్పుడో చెప్పారు" అని గొప్పలు చెప్పుకోవడానికేనా అన్నది వారి అనుమానం. పనికొస్తుంది. కాకపోతే చాలామంది వెతికే చోట అది దొరకదు.

నేను కౌలాలంపూర్‌లో ఈ సబ్జెక్టు చదివి, తర్వాత గల్ఫ్‌లో ఒక బ్యాంకులో షరియా బోర్డుకు (లావాదేవీలు ఇస్లామిక్ నియమాలకు సరిపోతున్నాయో లేదో చూసే పండితుల కమిటీ) వెళ్లే ఫైళ్లు తయారుచేసే పని చేశాను. చదువుకునే రోజుల్లో విన్న సెమినార్ పేపర్లలో సగానికి సగం ఒకే మూసలో ఉండేవి. పన్ను రేట్లు పెంచుకుంటూ పోతే చివరికి ఖజానాకు వచ్చేది తగ్గుతుందని ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే రాశాడు, ఆ మాటను అమెరికా అధ్యక్షుడు రీగన్ 1981లో ప్రెస్ ముందు ఎత్తాడు, ఇదే ఆలోచనకు పేరుపడ్డ ఆర్థికవేత్త లాఫర్ కూడా ఒప్పుకున్నాడు. సూది తయారవడానికి దాదాపు పాతిక పనులు జరగాలని గజాలీ అన్నాడు, ఆడమ్ స్మిత్ గుండుసూది కథ వచ్చింది 1776లో. ఇవన్నీ నిజాలే, మొదటిసారి చదివినప్పుడు నాకూ ఒళ్లు పులకరించింది. కానీ వైవాలో "సరే, అయితే ఏంటి?" అని అడిగితే ఏం చెప్తారు? గ్రీకుల నుంచి థామస్ అక్వినాస్ దాకా కొన్ని శతాబ్దాలు ఖాళీ అన్నట్టు ఆర్థికవేత్త షుంపీటర్ రాసినదాన్ని సరిచేయాలంటే అది మంచి పనే, అయితే అది చరిత్ర పరిశోధన, దానికి అరబిక్ బాగా రావాలి.

అసలు సరుకు ఫిఖ్హ్ పుస్తకాల్లో, అంటే లావాదేవీల మీద న్యాయపండితులు చేసిన వాదోపవాదాల్లో ఉంది. ఒక్క ఉదాహరణ చెప్తాను, మనకు బాగా తెలిసిన విషయమే. పొలం ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలుకి ఇవ్వచ్చు, పండినదాంట్లో సగం సగం అని పాలికీ ఇవ్వచ్చు. 8వ శతాబ్దపు న్యాయపండితుడు అబూ హనీఫా ఈ పాలు పద్ధతిని ఒప్పుకోలేదు, ఇంకా పండని, ఎంత పండుతుందో తెలియని పంటను కూలీగా ఎలా రాస్తారన్నది ఆయన అభ్యంతరం. ఆయన శిష్యులే అయిన అబూ యూసుఫ్, షైబానీ గురువుతో విభేదించి, ఒకరి పెట్టుబడి ఇంకొకరి కష్టం కలిసే ముదారబా వ్యాపారం చెల్లినప్పుడు ఇదెందుకు చెల్లదన్నారు. ఆ అబూ యూసుఫే ఖలీఫా హారూన్ అల్ రషీద్ కోసం రాసిన పన్నుల పుస్తకంలో, భూమి కొలతను బట్టి ఖాయంగా వసూలు చేసే శిస్తు బదులు పండినదాంట్లో వాటా తీసుకోమన్నాడు. కరువొస్తే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలి అన్నదే అక్కడి ప్రశ్న. 1974లో ఆర్థికవేత్త స్టిగ్లిట్జ్ పాలు సేద్యం మీద రాసిన ప్రసిద్ధ పేపర్ కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, రిస్క్ పంచుకుంటే కష్టపడాలనే కోరిక తగ్గుతుందా అని. ఎవరు ముందు అన్నది పక్కన పెట్టి, ఆ పండితులు ఏ షరతు పెడితే ఏ మోసం ఆగుతుందనుకున్నారో ఈ కళ్లతో చదవండి, మోడల్ కట్టడానికి కావలసిన ఊహలు వరసగా దొరుకుతాయి.

ముదారబా నియమాలూ అలాగే. లాభం వాటాగానే ఉండాలి, ఇంత మొత్తమని ఖాయం చేస్తే ఒప్పందం చెల్లదు. నష్టం వస్తే డబ్బు పెట్టినవాడిదే, పనిచేసినవాడికి కష్టం వృథా అవుతుంది, నిర్లక్ష్యమో మోసమో చేస్తే తప్ప అతను కట్టక్కర్లేదు. డిపాజిట్లను ఇలా వాటాల్లా చూస్తే బ్యాంకు కుదుపులను ఎలా తట్టుకుంటుందో 1986లో మొహ్సిన్ ఖాన్ ఐఎంఎఫ్ జర్నల్‌లో మోడల్ కట్టి చూపించాడు.

ఇక బ్యాంకులో నేను చూసింది వేరు. ఫైళ్లలో ఎక్కువ భాగం మురాబహా (కొన్న ధర మీద లాభం ఇంత అని చెప్పి అమ్మడం), తవర్రుఖ్‌లే. తవర్రుఖ్‌లో బ్యాంకు ఏదో లోహం కొని కస్టమర్‌కు అప్పు మీద అమ్ముతుంది, కస్టమర్ తరఫున దాన్ని వెంటనే ఇంకొకరికి అమ్మేసి నగదు చేతిలో పెడుతుంది. లోహాన్ని చూసినవాడు ఎవడూ ఉండడు. ఇలా ముందే ఏర్పాటు చేసుకున్న తవర్రుఖ్ చెల్లదని ముస్లిం దేశాల కూటమి ఓఐసీకి చెందిన ఫిఖ్హ్ అకాడమీ 2009లో తీర్మానించినా వాడకం ఆగలేదు. నాకు దీనివల్ల చాలా బాధ కలిగేది, ఇప్పటికీ కలుగుతుంది, అంత లోతుగా ఆలోచించిన సంప్రదాయం చివరికి కాగితాల వరసగా మిగిలిందే అని. కానీ పరిశోధకుడికి బంగారం లాంటి ప్రశ్న ఇదే: లాభనష్టాల వాటా అంత మంచిదైతే బ్యాంకులు దాని నుంచి ఎందుకు పారిపోతున్నాయి? లెక్కలు దాచే వ్యాపారిని కనిపెట్టడం ఖర్చా, వాటాకు ముందుకొచ్చేవాళ్లలో నష్టాల్లో ఉన్నవాళ్లే ఎక్కువా, పన్ను చట్టాలు అప్పుకే అనుకూలమా? ఎల్ గమాల్, తిమూర్ కురాన్ లాంటి విమర్శకులను ముందే చదివేయండి, వాళ్లకు జవాబు చెప్పలేని థీసిస్ నిలబడదు.

మీరు హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే ఇంకో దారి కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోవట్లేదు. ఆధునిక ఇస్లామిక్ ఎకనామిక్స్ తొలి రాతల్లో కొన్ని ఉస్మానియా నుంచే వచ్చాయి. అక్కడ ఎకనామిక్స్ విభాగాన్ని నడిపిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940ల్లో వడ్డీ సిద్ధాంతం మీద పుస్తకం రాశాడు, మనాజిర్ అహ్సన్ గీలానీ ఉర్దూలో ఇస్లామిక్ ఆర్థికం మీద రాశాడు, హైదరాబాద్‌లోనే పుట్టిన హమీదుల్లా అక్కడి వడ్డీలేని అప్పుల సంఘాల గురించి రాశాడు. ఉర్దూ చదవగలిగితే ఆ సంఘాల రికార్డులు ఎక్కడైనా మిగిలాయేమో వెతకడంతో మొదలుపెట్టండి. నాలుగు రిజిస్టర్లు దొరికినా వసూలు ఎలా జరిగేది, ఎగ్గొట్టినవాళ్లను ఏం చేశారు అన్నది తేలుతుంది, అలాంటి డేటా ఈ రంగంలో చాలా అరుదు. ఉర్దూ, అరబిక్ రెండూ రాకపోతే బ్యాంకుల డేటా వైపు వెళ్లండి, వాటి వార్షిక నివేదికలు ఇంగ్లిష్‌లోనే దొరుకుతాయి, మురాబహా ఎంత, ముదారబా ఎంత అన్నది చాలావాటిలో విడివిడిగా ఇస్తారు.