స్వాతికి, కత్తి కన్నా ఒర గురించి

స్వాతీ,

నువ్వు శనివారాలు గ్యారేజీలో టాంటో అనే జపాన్ తరహా పొట్టి కత్తి చేస్తున్నావని, దానికి తోలు ఒర కూడా నువ్వే కుడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. తను ఏడుపు గొంతుతో చెబుతుంటే నేను లోపల్లోపల పొంగిపోయాను. బాలానగర్‌లో ఫర్నేసు ముందు ఇన్నేళ్లు పనిచేశాను, మన ఇంట్లో పిల్లలెవరూ దాని గురించి ఒక్క ప్రశ్న అడిగింది లేదు. నువ్వేమో "ఏ ఉక్కు కొనాలి మామయ్యా" అని మెసేజ్ పెట్టావు. సంతోషం సంగతి అయింది, ఇక తిట్లు.

ఫోటోలో బెల్ట్ గ్రైండర్ ముందు జుట్టు వదిలేసి, గ్లవ్స్ తొడుక్కుని నిలబడ్డావు. తిరిగే మెషిన్‌కి గ్లవ్ చిక్కితే చెయ్యి కూడా దాంతోపాటే పోతుంది. తీసెయ్. జుట్టు ముడి వెయ్యి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకో. పాలిష్ చక్రం దగ్గర కత్తి అంచు కిందికి చూడాలి. పైకి చూసిందంటే చక్రం లాక్కుని విసిరేస్తుంది.

1084 అనే రకం ఉక్కు కొను, కొత్తవాళ్ల చేతికి అది లొంగుతుంది. 770 డిగ్రీల (అన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నాను) దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఇంకాస్త, 815 దాకా పోనిచ్చి, వెచ్చచేసిన కనోలా నూనెలో నిటారుగా ముంచు. చల్లారగానే 200 డిగ్రీల ఓవెన్‌లో రెండేసి గంటల చొప్పున రెండుసార్లు. జపాన్ వాళ్లలా మట్టి పూసి నీళ్లలో ముంచుతానన్నావు, ఆ సరదా మానుకో. అక్కడ జీవితమంతా అదే పని చేసేవాళ్లకే కత్తులు నీళ్లలో చిట్లుతాయి. పైగా 1084లో మాంగనీస్ ఎక్కువ, అంచు వెంట తేలాలని నువ్వు ఆశపడే ఆ మబ్బు గీత అంత తేటగా రాదు. ఒళ్లంతా అలల్లాంటి గీతలు తేలే ఇంకో రకం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు మన తెలంగాణలోని కోనసముద్రం దాకా వచ్చేవారు, అది ఇంకోసారి చెబుతాను. పిడి కాక, కత్తి పొడవు ఐదున్నర అంగుళాలు దాటనివ్వకు. టెక్సస్‌లో అంతకు మించిన కత్తిని కొన్ని చోట్లకి తీసుకెళ్లనివ్వరు.

కత్తి విషయంలో నాకు పెద్ద టెన్షన్ లేదు. నా భయమంతా ఒర దగ్గరే.

మీ నాన్న ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ముడుచుకోవు కదా. కొబ్బరికాయ కొడుతుంటే తెగిందని నీకు చెప్పారు. మీ అమ్మకీ అదే చెప్పారు. కొబ్బరికాయా లేదు, ఏమీ లేదు.

వాళ్ల పెళ్లయిన కొత్తలో నేను అరిగిపోయిన ఆకురాయితో ఒక కత్తి చేసి అతనికిచ్చాను. ఒర నేనే కుడతానని పట్టుబట్టాడు. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తోలు ముక్క, దానికి రంధ్రాలు పొడిచే ఆరె తెచ్చుకుని, వరండాలో కూర్చుని కుట్టాడు. బావది మంచి చెయ్యి. కుట్లు ముత్యాల్లా వచ్చాయి, వీధిలో అందరూ మెచ్చుకున్నారు. కానీ రెండు తోలు పొరల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి నేరుగా కుట్టేశాడు. మధ్యలో ఏమీ లేదు. అంటే లోపల కత్తి అంచు దారం మీదే ఆని ఉంటుంది. పెట్టిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ దారంలో ఒక్కో పోగూ తెగుతూ వచ్చింది. బయటికి మాత్రం కుట్టు కుట్టులాగే కనిపిస్తుంది.

సంక్రాంతికి తోటలో చెరకు కొడదామని ఒరని ఎడమ పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు, వేళ్లు సరిగ్గా అంచు వైపు చుట్టుకుని ఉన్నాయి. కత్తి లాగాడు. అది ఒర నోట్లోంచి రాలేదు, పక్కనించి వచ్చింది. ముందు మా ఇద్దరికీ అర్థం కాలేదు. తర్వాత అతనన్న మొదటి మాట "బావా, మీ చెల్లెలికి చెప్పకు". కత్తి ఇచ్చింది నేనని తను నాతో మాట్లాడటం మానేస్తుందని అతని భయం. ఆసుపత్రిలో చర్మం కుట్టి పంపేశారు. వేళ్లని లాగి ముడిచే తాళ్లలాంటి స్నాయువులు తెగాయని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

కాబట్టి రెండు పొరల మధ్య, అంచు ఉండే వైపు, కత్తి మందం కన్నా కాస్త ఎక్కువ మందమున్న తోలు పట్టీ పెట్టి కలిపి కుట్టు. అంచు ఆ పట్టీకే తగలాలి. నువ్వు గీసిన అమెరికన్ తరహా మొనకి ఇంకో మూల కూడా ఉంది, లోపల తోలుని గీరేది అదే. అక్కడ పట్టీ ఇంకొంచెం వెడల్పు చెయ్యి. జిగురు, ఆరె, మైనం దారం, రెండు సూదులు, రెండు వైపుల నుంచీ ఒకే రంధ్రంలోకి. అప్పుడు ఒక కుట్టు తెగినా మిగతావి ఊడవు. ఇంత చేశాక కూడా ఒరని చదునువైపుల నుంచే పట్టుకో, అంచు మీదికి వేళ్లు చుట్టకు.

తోలు చెట్ల బెరడుతో పదును చేసిందే కావాలి. మన దగ్గర దీనికి తంగేడు బెరడు వాడేవారు. క్రోమియం లవణాలతో పదును చేసే క్రోమ్ తోలు తడిపి నొక్కినా ఆకారం నిలవదు, అందులోని లవణాలకి ఉక్కు తుప్పు పడుతుంది. తడిపిన తోలులో కత్తిని ప్లాస్టిక్ చుట్టి పెట్టి అదుము, నీడలో ఆరనివ్వు. నీది ఎడమచేతి వాటం, నమూనా కాగితం తిరగేసి కత్తిరించడం మర్చిపోకు. పని లేనప్పుడు కత్తిని ఒరలో ఉంచకు, తోలు చెమ్మ పీలుస్తుంది. జపాన్ వాళ్లు టాంటోకి చెక్క ఒర చేసి అన్నం జిగురుతో అంటించేది అందుకేనమ్మా, లోపల శుభ్రం చెయ్యాల్సొస్తే విడదీసుకోవచ్చని.

కుట్టు మొదలుపెట్టే ముందు ఆ పట్టీ ఫోటో నాకు పంపు. తోలు పని గురించి అనుమానాలుంటే మీ నాన్ననే అడుగు, ఆ తర్వాత చాలా నేర్చుకున్నాడు. వేళ్ల సంగతి అడిగితే మాత్రం కొబ్బరికాయ అనే చెబుతాడు. నమ్మినట్టే ఉండు.

మీ మామయ్య