పరుషానికి పదజాలంతో పనేంటి?

సందేహం: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌కి నేను అడ్మిన్‌ని. "పరుష పదజాలం వాడరాదు" అని రూల్ పెట్టుకున్నాం. మొన్న పార్కింగ్ గొడవలో ఒకాయన ఇంకొకాయన్ని "మీలాంటి మహానుభావులు మా మధ్య ఉండటం మా పూర్వజన్మ సుకృతమండీ, రెండు చోట్లా మీ కార్లే పెట్టుకోండి" అన్నారు. ఆ మెసేజ్ తీసేశాను. "అందులో పరుష పదం ఒక్కటి చూపించండి" అని కూర్చున్నారాయన. ఇంకొకరేమో "పరుషాలంటే కచటతపలు కదా, అవి మానేస్తే ఇంకేం టైప్ చేస్తాం" అని జోకులు. అసలు పరుష పదజాలం అనడం ఒప్పేనా? అసభ్య పదజాలం అని మార్చమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, ముందు ఆ జోకు వేసినాయన సంగతి చూద్దాం. ఆయన చిన్నప్పుడు సంధులు బుద్ధిగానే చదువుకున్నట్టున్నారు, కాకపోతే సగంలో ఆపేశారు. వ్యాకరణం పరుషాలని గుర్తించి ఊరుకోలేదు, ద్రుతం (అంటే నకారం) వెనకాల వస్తే సరళాలు (గజడదబలు) చేసింది, ప్రథమా విభక్తి మీద వస్తే గసడదవలు చేసింది, అంటే గరుకు శబ్దాన్ని నున్న చేసే పని మన భాష తనే చేసుకుంటుంది, మీలాగా మెసేజ్ డిలీట్ చేసి తిట్లు తినదు.

ఇక అసలు మాట. పరుషానికి మూలంగా చెప్పే సంస్కృత పదం 'పరుస్'. అంటే కణుపు. చెరుకు గడకో, రెల్లుకో, వెదురుకో ఉంటుందే, ఆ కణుపు. పాత వాడుకలో పరుషం అంటే కణుపులున్నది, ముడులు ముడులుగా ఉన్నది అనే. దాన్నుంచి గరుకైనది, మొరటుది, చేతికి గుచ్చుకునేది అయ్యి, చివరికి చెవికీ మనసుకీ గుచ్చుకునే మాట దగ్గరికి వచ్చింది. ఇందులో తమాషా ఏమిటంటే 'పర్వం' కూడా ఈ కుటుంబందే. దానికీ కణుపు అనే అర్థం, ఒక కణుపు దాటి ఇంకో కణుపు పెరిగినట్టు భారతం పద్దెనిమిది పర్వాలు పెరిగింది. చెరుకు నమిలిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, తీపి రసం మధ్యలో ఉన్నట్టుండి పంటికి తగిలి దవడ జిల్లుమనిపించేది ఆ కణుపే, పైనుంచి చూస్తే అదీ చెరుకే.

ఈ సంగతి మీ పార్కింగ్ ఆయనకి చెప్పండి. పరుషం అన్నది పదంలోనే ఉండక్కర్లేదు, తగిలే చోట ఉంటుంది. మహానుభావుడు, పూర్వజన్మ, సుకృతం, అన్నీ పూజగదిలో వాడుకోదగ్గ మాటలే, ఆయన వాటితోనే అవతలి మనిషిని పొడిచారు.

మన పెద్దలు దీన్ని బాగా పట్టుకున్నారు. నోటితో చేసే తప్పులు నాలుగని మనుస్మృతి లెక్క చెప్తూ పారుష్యాన్ని మొదట పెట్టింది, అబద్ధం దాని తర్వాతే, ఆ తర్వాత చాడీలు, ఆఖరున సంబంధం లేని వాగుడు (గ్రూపుల్లో పొద్దున్నే వచ్చి పడే ఫార్వర్డులకి ఇంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు). కౌటిల్యుడైతే అర్థశాస్త్రంలో వాక్పారుష్యానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. నింద, కించపరచడం, బెదిరించడం, ఈ మూడూ దాని కిందికే వస్తాయన్నాడు. ఒకరి శరీరాన్ని, స్వభావాన్ని, చదువుని, వృత్తిని, ఆఖరికి దేశాన్ని బట్టి తిట్టినా తప్పే. ఆ ఆఖరుదాన్ని మనవాళ్లు ఫోటో కట్టించుకుని గోడకి తగిలించుకోవాలి, యాస వినగానే వెక్కిరించే అలవాటు మనకింకా పోలేదు.

జరిమానాలు చూడండి మరి. ఒంటికన్ను వాడిని ఒంటికన్ను వాడా అన్నందుకు, అది నిజమే అయినా మూడు పణాలు (అప్పటి నాణేలు). అబద్ధమైతే ఆరు. అదే వాడిని "ఆహా, ఎంత అందమైన కళ్లండీ మీవి" అని పొగిడితే? పన్నెండు! దానికి స్తుతినింద అని పేరు. ఉన్నమాటే కదా అన్నాను అనేవాళ్లకీ శిక్ష ఉంది, నేను పొగిడాను కదా అనేవాళ్లకి దానికి నాలుగింతలు ఉంది. పూర్వజన్మ సుకృతం ఏ లెక్క కిందికి వస్తుందో నేను విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంకో మాట కూడా మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, "ఆయన మనసు వెన్నండీ, నోరే అంత" అని. ఇది ఈనాటి సర్టిఫికెట్ కాదు, నన్నయ్య భారతంలోనే ఉంది. ఆదిపర్వంలో ఉదంకుడనే ముని పౌష్యమహారాజు ఇంట్లో భోజనానికి కూర్చుంటే అన్నంలో వెంట్రుక వచ్చింది, కోపమొచ్చి గుడ్డివాడివి కమ్మని శపించాడు. ఇంత చిన్న తప్పుకి అంత శాపమా అని రాజు నీకు పిల్లలు పుట్టకుందురుగాక అని తిరుగు శాపం పెట్టాడు. కాస్త చల్లబడ్డాక నీ శాపం వెనక్కి తీసుకో అంటాడు ఉదంకుడు. అప్పుడు రాజు అనే పద్యం "నిండు మనంబు నవ్యనవనీత సమానము, పల్కు దారుణాఖండల శస్త్రతుల్యము" అని మొదలవుతుంది. విప్రులకి మనసు అప్పుడే తీసిన వెన్న, మాట మాత్రం ఇంద్రుడి వజ్రాయుధం, రాజులకి ఇది తలకిందులు, కాబట్టి మీరైతే శాపం మళ్లించగలరు, మేం ఎంత శాంతంగా ఉన్నా మళ్లించలేం అంటాడు. "శాపము గ్రమ్మఱింపఁగన్" అని ఆ పద్యం ముగిసే తీరు చూడండి! క్రమ్మఱించడం అంటే మళ్లించడం, వెనక్కి తిప్పడం. ఇంత చక్కటి మాట మన దగ్గర ఉండగా మనం డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కుతున్నాం. సరే, నా బాధ నాది. ఇక్కడ గమనించాల్సింది, ఆ వెన్న మనసు ఉదంకుడి చేత రాజుకి తగిలిన శాపానికి గడువు పెట్టించిందే గానీ, అన్నమాటని అననిదిగా చెయ్యలేదు. మనసు వెన్నే కావచ్చు, గ్రూప్‌లో పడేది మాటే కదా.

అసభ్యం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. సభకి తగనిది అసభ్యం, బూతులకి అది సరిపోతుంది, వెటకారానికి చాలదు. మీరు అలా మార్చారో, మీ పార్కింగ్ ఆయన పండగ చేసుకుంటారు. పైగా టీవీ వాళ్ల పుణ్యమా అని అది 'అసభ్యకర పదజాలం' అయి కూర్చుంది, ఆ 'కర' ఎందుకు వచ్చిందో, ఏం పని చేస్తోందో వాళ్లనే అడగాలి. 'దుర్భాష' మంచి మాటే గానీ అదీ నోటి బూతు వైపే మొగ్గుతుంది. కటువు అనొచ్చు, దురుసు అనొచ్చు, ఇంట్లో అయితే నోరు పారేసుకోవద్దు అంటాం, దాన్ని రూల్‌గా పెడితే బాగుంటుందో లేదో మీ ఇష్టం.

కాబట్టి పరుషం ఒప్పే, ఉంచండి. పేచీ అంతా పక్కనున్న 'పదజాలం'తోనే. పదజాలం అంటే పదాల సముదాయం, ఒక భాషకో శాస్త్రానికో ఉండేది, వైద్య పదజాలం, వ్యవసాయ పదజాలం అంటాం. తిట్టే మనిషికి పదజాలం ఎక్కడిది, ఉన్నవే నాలుగు మాటలు, అవే తిప్పి తిప్పి కొడతాడు. మీరు పదజాలం అని రాయబట్టే ఆయన పదం చూపించండి అని పట్టుకున్నారు, ఆ మాటకొస్తే లా పాయింటు ఆయనదే. "ఎవరితోనూ పరుషంగా మాట్లాడొద్దు" అని రాసుకుంటే వెటకారం కూడా అందులోకి వస్తుంది. మెసేజ్ తీసెయ్యడం న్యాయమా కాదా అన్నది నేను తేల్చేది కాదు, ఏమరపాటుతోనో మతి తప్పో అన్నవాటికి సగం జరిమానా చాలని కౌటిల్యుడే సడలింపు ఇచ్చాడు, పార్కింగ్ దొరకని మనిషిని ఏ పద్దులో వెయ్యాలో అడ్మిన్ మీరు, మీరే చూసుకోండి. కొత్త రూల్ పెట్టేటప్పుడు మాత్రం "సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టకండమ్మా, పరుషం కాకపోయినా అదీ చెవికి గుచ్చుకునేదే.