ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి ఈ ఉత్తరం చదువు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్కించావని అమ్మ ఫోన్లో చెప్పింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. ఆ మెషీన్ విండోస్ 11కి పనికిరాదని తెలిశాక కూడా పాతసామానువాడికి వేసెయ్యకుండా ఇలా వాడుకోవడం నాకు ఎంతో నచ్చింది. ఆ మాటతోపాటే అమ్మ ఇంకోటి కూడా చెప్పింది. ఏ చిన్న తేడా వచ్చినా నువ్వు మొత్తం ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తున్నావట. అందుకే ఈ ఉత్తరం.

కాలేజీ ల్యాబులో ఏళ్ల తరబడి లినక్స్ మెషీన్లు చూసుకున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. ఇంట్లో వాడే లినక్స్‌కి వచ్చే ఇబ్బందుల్లో ఫార్మాట్ దాకా వెళ్లాల్సినవి చాలా తక్కువ. ఒక గదిలో లైటు వెలగలేదని ఇల్లంతా వైరింగ్ పీకించం కదా. పైగా ఫార్మాట్ చేస్తే సమస్య పోయినట్టే కనిపిస్తుంది గానీ, ఎందుకొచ్చిందో తెలీదు కాబట్టి నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. అది దొరికితే బాగుచేయడం చాలాసార్లు ఐదు నిమిషాల పని.

ముందు ఒక మాట. కమాండ్లని, అంటే టెర్మినల్ అనే కిటికీలో టైపు చేసే ఆదేశాల్ని, నోటితో పలికినట్టే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలే వాడు, నేను పెద్దక్షరం అని చెప్పిన చోట తప్ప. లినక్స్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. ఖాళీలు కూడా లెక్కే.

మెషీన్ ఆన్ చేశాక ఏ మెట్టు దగ్గర ఆగుతోందో చూడు. తెర మీద ఏ లోగో కూడా రాకపోతే అది లినక్స్ గొడవే కాదు. మానిటర్ కేబుల్, ర్యామ్, పవర్ సప్లై చూసుకోవాలి. లోగో వచ్చి, ఆ తర్వాత నల్లతెర పడితే కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి అసలు భాగం) గానీ గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ అయ్యుంటుంది. లాగిన్ దాకా వచ్చి లోపలికి పోకపోతే అది నీ అకౌంట్‌కో డిస్క్‌కో సంబంధించినది. అంతా బాగా తెరుచుకుని, ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే మొరాయిస్తుంటే మిగతా సిస్టమ్ జోలికి పోవద్దు.

తేల్చుకోవడానికి ఇంకో రెండు పరీక్షలున్నాయి. మొదటిది, నువ్వు ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్. దాన్ని దాచిపెట్టు, వేరే పనికి వాడెయ్యకు. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఊరికే వాడి చూడు. అదే ఇబ్బంది అక్కడా వస్తే చాలావరకు హార్డ్‌వేర్ తేడా, లేదంటే ఆ వస్తువుకి మింట్‌లో సరైన డ్రైవర్ లేకపోవడం. అక్కడ బాగుంటే నీ ఇన్‌స్టలేషన్‌లో సెట్టింగ్ ఏదో మారింది. రెండోది, కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి చూడడం. కొత్త అకౌంట్‌లో అంతా సవ్యంగా ఉంటే సిస్టమ్ బాగున్నట్టే. తేడా నీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లలో ఉంది.

నీకు పోయినసారి వచ్చింది లాగిన్ చిక్కే అని అమ్మ మాటల్ని బట్టి అనుకుంటున్నాను. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతావు, తెర ఒక్కసారి ఆడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది. దీనికి మొట్టమొదట అనుమానించాల్సింది డిస్క్ నిండిపోవడం. చోటు లేకపోతే లోపలికి వెళ్లేటప్పుడు రాసుకోవాల్సిన చిన్న ఫైళ్లు కూడా రాసుకోలేదు, అందుకే వెనక్కి తోసేస్తుంది. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. నల్లతెర మీద పేరు అడుగుతుంది. పేరు, పాస్‌వర్డ్ ఇవ్వు. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, టెన్షన్ పడకు, అది మామూలే. లోపలికి వెళ్లాక డి, ఎఫ్, ఒక ఖాళీ, హైఫన్, హెచ్ కొట్టు. వరసల్లో చివర ఒక్క స్లాష్ గుర్తు మాత్రమే ఉన్న వరస చూడు. అక్కడ 100 శాతం అని ఉంటే దొంగ దొరికినట్టే.

చోటు ఎవరు తినేశారన్నది తర్వాతి ప్రశ్న. మింట్‌లో చాలాసార్లు జవాబు టైమ్‌షిఫ్ట్. అది సిస్టమ్‌కి స్నాప్‌షాట్లు, అంటే వెనక్కి వెళ్లడానికి పనికొచ్చే కాపీలు, తీసి పెడుతుంది, మంచి పనే. కానీ అవి కూడా అదే డిస్క్‌లో ఉంటే, పాతవి ఎక్కువ ఉంచమని చెప్పి ఉంటే, మెల్లగా చోటంతా ఆక్రమిస్తాయి. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని చెప్పడం. సుడో టైమ్‌షిఫ్ట్ అని కొట్టి రెండు హైఫన్లతో లిస్ట్ అంటే జాబితా ఇస్తుంది, రెండు హైఫన్లతో డిలీట్ అంటే ఏది తీసెయ్యాలో అడుగుతుంది. పాతవి తీసి, కొత్తవి రెండో మూడో ఉంచు. దించుకున్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల చెత్త పోవడానికి సుడో ఆప్ట్ క్లీన్. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కితే మింట్‌లో మళ్లీ మామూలు తెరకి వస్తావు.

డిస్క్‌లో చోటున్నా ఇదే జరుగుతుంటే హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌అథారిటీ అనే ఫైలు చూడాలి. దాని పేరు చుక్కతో మొదలై, ఆ వెంటనే ఎక్స్ పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నక్షరాలే. కిటికీలతో తెరుచుకునే ప్రోగ్రామ్‌ని సుడో పెట్టి నడిపితే ఒక్కోసారి ఈ ఫైలు రూట్ అనే అడ్మిన్ అకౌంట్ సొంతమైపోతుంది, నీకు తాళం దొరకదు. ఎల్ఎస్, హైఫన్, ఎల్ఏ కొడితే ఏ ఫైలు ఎవరిదో కనిపిస్తుంది. అక్కడ రూట్ అని ఉంటే ఆ ఫైలు పేరు మార్చి మళ్లీ లాగిన్ అవ్వు, కొత్తది అదే తయారవుతుంది.

ఇక గడియారం సంగతి. తమ్ముడి పరీక్షల కోసం విండోస్ కూడా పక్కన ఉంచారు కదా. లినక్స్‌లో పనిచేసి విండోస్‌కి వెళ్తే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. అక్కణ్నుంచి లినక్స్‌కి వస్తే ఇంటర్నెట్ తగిలేదాకా ఐదున్నర గంటలు ముందుకి ఉంటుంది. మదర్‌బోర్డ్ గడియారంలో లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయం ఉంచుతుంది, విండోస్ మన సమయం ఉంచుతుంది. రెండింటికీ మధ్య తేడా మనకి 5:30. టైమ్‌డేట్‌సీటీఎల్, ఒక ఖాళీ, సెట్ హైఫన్ లోకల్ హైఫన్ ఆర్‌టీసీ, ఒక ఖాళీ, 1 అని ఒక్కసారి కొడితే లినక్స్ కూడా మన సమయమే ఉంచుతుంది. అలా కాకుండా కరెంటు తీసిన ప్రతిసారీ టైము ఏళ్ల కిందటికి పోతోందంటే మదర్‌బోర్డ్ మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. అది కొనుక్కొచ్చి మారిస్తే చాలు. తేదీ తప్పుంటే బ్యాంకు సైట్లు, మెయిలు కూడా కనెక్షన్ సురక్షితం కాదని తెరుచుకోవు. ఆ హెచ్చరిక చూసి చాలామంది బ్రౌజర్‌ని తీసేసి మళ్లీ వేస్తారు. ముందు గడియారం వంక చూడాలి.

విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు తెరుచుకుంటూ, సేవ్ మాత్రం కావడం లేదంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉందన్నమాట. షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ డ్రైవ్‌లో రాస్తే పాడవుతుందని లినక్స్ ఆగుతుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ ఆపు. లినక్స్ వైపు నుంచి బలవంతంగా తెరవకు.

నాన్నగారి లేజర్‌జెట్ 1020 ప్రింటర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన పనులన్నీ దాని మీదే కదా. ఆ ప్రింటర్ తన ఫర్మ్‌వేర్‌ని, అంటే తాను నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్‌ని, లోపల దాచుకోదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి పంపాలి. ఆ పంపే పనికి హెచ్‌ప్లిప్ అనే సాఫ్ట్‌వేర్‌తోపాటు ఒక ప్లగిన్ కావాలి. హెచ్‌ప్లిప్ అప్‌డేట్ అయి వెర్షన్ మారితే పాత ప్లగిన్ దానికి సరిపోదు. నిన్నటిదాకా బాగా వచ్చిన ప్రింటు ఇవాళ ఆగిపోతుంది, తెర మీద ఏ తప్పూ కనపడకపోవచ్చు కూడా. టెర్మినల్‌లో హెచ్‌పీ హైఫన్ ప్లగిన్ అని కొట్టి, అడిగినవాటికి అవునంటే కొత్త ప్లగిన్ దించుకుంటుంది. తర్వాత ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యి.

ఇంకో సంగతుంది. ఒక ప్రింటు మధ్యలో చెడితే సిస్టమ్ ఆ ప్రింటర్‌ని పక్కన పెట్టి, తర్వాత పంపినవన్నీ వరసలో నిలబెట్టేస్తుంది. నాన్నగారు రాలేదనుకుని మళ్లీ మళ్లీ ప్రింట్ నొక్కుతారు. ప్రింటర్స్ కిటికీలో దాని మీద కుడిక్లిక్ చేసి ఎనేబుల్డ్ దగ్గర టిక్ ఉందో లేదో చూడు. టిక్ పెట్టే ముందు వరసలో ఉన్న పాత ప్రింటులు తీసెయ్యి, లేకపోతే ఒకే కాగితం పది కాపీలు వస్తాయి.

సౌండు రాకపోతే పెద్దగా వెతకక్కర్లేదు. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే శబ్దం అటు పంపేస్తూ ఉంటుంది. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చు.

వైఫై రాకపోతే, డ్రైవర్ దించుకోవడానికే ఇంటర్నెట్ కావాలి కదా అని ఆగిపోకు. ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో తగిలించి టెథరింగ్ ఆన్ చెయ్యి, వెంటనే ఇంటర్నెట్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిస్తే నీ కార్డుకి ఏది కావాలో అదే చూపిస్తుంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో ఆపే కాపలా) ఆన్‌లో ఉన్న మెషీన్‌లో డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేశాక నీలిరంగు తెర మీద ఎన్‌రోల్ అని ఒకటి కనిపిస్తుంది, అక్కడ అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెరని దాటేస్తే డ్రైవర్ ఉండీ పనిచెయ్యదు. ఎన్‌విడియా కార్డుకీ ఇదే.

అప్‌డేట్ అయ్యాక నల్లతెర పడితే ఫార్మాట్ ఆలోచనే వద్దు. పాత కెర్నల్ ఇంకా అందులోనే ఉంటుంది. ఆన్ చేస్తూనే గ్రబ్ మెనూ, అంటే దేంతో మొదలవ్వాలో ఎంచుకునే జాబితా, తెప్పించు. కొత్త మెషీన్లలో ఎస్కేప్ కీ, పాత బయాస్ అయితే షిఫ్ట్ పట్టుకోవాలి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఒక నంబరు తక్కువున్న కెర్నల్ ఎంచుకో. దాంతో బాగుంటే ఇబ్బంది కొత్త కెర్నల్‌దే. తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా పాతదాంతోనే నడిపించు.

ప్యాకేజీ వెయ్యబోతే లాక్ దొరకలేదని వస్తే, వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని అర్థం. పది నిమిషాలు ఆగు. ఆ లాక్ ఫైలు తీసెయ్యమని ఎవరు చెప్పినా వినకు, సగంలో ఉన్న పని చెడుతుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఉంటే మాత్రం సుడో డీపీకేజీ, రెండు హైఫన్లు, కాన్ఫిగర్, మళ్లీ హైఫన్ ఏ. అది మధ్యలో ఆపినచోటు నుంచి పూర్తి చేస్తుంది.

కరెంటు అనగానే గుర్తొచ్చింది, చిన్న యూపీఎస్ ఒకటి పెట్టించు. హఠాత్తుగా పోతే డిస్క్ మీద లెక్కలు తప్పి, మర్నాడు బూట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే నల్లతెర దగ్గర ఆగుతుంది. భయపెట్టే తెరే గానీ, ఏ పార్టిషన్‌ని (డిస్క్‌లో ఏ భాగాన్ని) సరిచూడాలో చాలాసార్లు అదే రాసి ఉంచుతుంది. ఎఫ్ఎస్‌సీకే, ఖాళీ, ఆ పార్టిషన్ పేరు కొట్టి, అడిగినవాటికి వై చెప్పి, చివర ఎగ్జిట్ కొట్టు. ఇది కరెంటు పోకుండానే పదేపదే వస్తుంటే డిస్క్ గానీ దాని సాటా కేబుల్ గానీ పాడవుతున్నట్టు. అప్పుడు మొదట చెయ్యాల్సింది రిపేరు కాదు, డేటా బయటికి తీసుకోవడం. నువ్వు ఫార్మాట్ మీద ఫార్మాట్ కొడితే సరిగ్గా ఇలాంటి సూచనలే కప్పబడిపోతాయి.

మొత్తం బిగుసుకుపోయినప్పుడు పవర్ బటన్ అదేపనిగా నొక్కి పట్టకు. కాసేపు చూడు. అప్పటికీ కదలకపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని ఒక్కో సెకను ఎడంతో ఎస్, యు, బి నొక్కు. మెమరీలో మిగిలింది డిస్క్‌కి రాసి, డిస్క్‌ని భద్రం చేసి, రీస్టార్ట్ అవుతుంది. మీ మెషీన్‌లో ఉన్నది 4 జీబీ ర్యామే కాబట్టి బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిస్తే బిగుసుకుంటుంది. ఫ్రీ, ఖాళీ, హైఫన్ హెచ్ కొట్టి అవైలబుల్ అన్న నిలువు వరస చూడు. ఫ్రీ అన్నది తక్కువున్నా కంగారుపడొద్దు, లినక్స్ ఖాళీ ర్యామ్‌ని కాష్‌కి, అంటే మళ్లీ కావాల్సినవి దగ్గర ఉంచుకోవడానికి, వాడుకుంటుంది.

ఒక నోటుబుక్కు పెట్టు బుజ్జీ. ఏ రోజు ఏం మార్చావో, ఏ కమాండ్ కొట్టావో రాయి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడు. నాలుగు మార్చి బాగైతే దేనివల్ల బాగైందో తెలీదు, చెడితే ఏది వెనక్కి తిప్పాలో తెలీదు. ఎక్కడో దొరికిన కమాండ్‌ని అర్థం కాకుండా సుడోతో నడపొద్దు. ముఖ్యంగా ఫైళ్లని ఎవరైనా మార్చగలిగేలా తెరిచేసే సీహెచ్‌మాడ్ 777 కొట్టమని చెప్పే సలహా ఏదైనా సరే పక్కన పెట్టు.

టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని దాచదు. అమ్మమ్మ ఫొటోలు స్కాన్ చేసినవన్నీ అందులోనే ఉన్నాయట కదా. ఈ ఆదివారమే బయటి హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ పెట్టు, మిగతావన్నీ తర్వాత.

నాకు రాసేటప్పుడు పనిచెయ్యట్లేదు అని మాత్రమే రాయకు. ఏ మెట్టులో ఆగిందో, దానికి ముందు ఏం మార్చావో, తెర మీది మాటలు ఉన్నవున్నట్టు రాయి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి పంపు. మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి కాపీ నొక్కితే మెషీన్ వివరాలన్నీ వస్తాయి, అవీ జతచెయ్యి. మెషీన్ అసలు బూటే కాకపోతే రాత్రి తొమ్మిది దాటాక వీడియో కాల్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ