సమాధానం: పాట ఆపినా హారన్ స్పీకర్లు సుయ్‌మంటున్నాయి, వెనక్కి పంపాలా?

పంపకండి. ఆ సొద స్పీకర్లది కాదు, మీ 100 వాట్ల ఆంప్‌ది (ఆంప్లిఫయర్‌ది) లేదా దానికి తగిలించినవాటిది. మీ పాత స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఎంత మోత వస్తుందన్న లెక్క) 86 డీబీ, ఇప్పుడు చేయించుకున్న హారన్‌వి 104 అన్నారు. 18 డీబీ తేడా అంటే అదే మోతకు అరవయ్యో వంతు పవర్ చాలు. ఇన్నాళ్లూ ఉన్న సొదే ఇప్పుడు సోఫా దాకా వస్తోంది.

1. ఆంప్ ఆపి, వెనక ఆర్‌సీఏ వైర్లన్నీ (టీవీ, ప్లేయర్ల నుంచి పాట తెచ్చేవి) పీకండి. ఆన్‌లో ఉండగా పీకొద్దు, ఢబ్‌మని కొడితే హారన్ డయాఫ్రమ్‌కే (లోపల అదిరే పల్చటి పొరకే) ముప్పు.

2. ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి వినండి. చాలామంది వదిలేసేది ఇదే. ఇది చూడకుండా ఇన్‌పుట్ అటెన్యుయేటర్లు (ఆంప్‌లోకి వచ్చే సిగ్నల్‌ను తగ్గించేవి) కొనేస్తారు.

సొద పోయిందా? అయితే అది ఆంప్‌కు తగిలించిన పరికరాల నుంచి వస్తోంది, అటెన్యుయేటర్ పనిచేస్తుంది. సుయ్ కాకుండా బుయ్‌మనే హమ్ అయితే ముందు సెట్‌టాప్ బాక్స్‌కొచ్చే కేబుల్ పీకి చూడండి. మీ ఊరు సముద్రం ఒడ్డున అంతర్వేది పక్కనే కదా, ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టాయేమో కూడా చూసి తుడవండి.

అలాగే ఉందా? సొద ఆంప్ లోపలే పుడుతోంది. ఇన్‌పుట్ దగ్గర ఏం పెట్టినా దండగ.

3. అప్పుడు తక్కువ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు), తక్కువ నాయిస్ ఉన్న చిన్న ఆంప్ తీసుకోండి. ఇంట్లో వినడానికి 5 వాట్లు ధారాళం. ఆంప్ మార్చలేకపోతే 8 ఓమ్ స్పీకర్‌కు 5.6 ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో, 3.9 ఓమ్ రెసిస్టర్ ఆ స్పీకర్‌కు అడ్డంగా (ప్యారలల్‌గా) పెడితే 10 డీబీ తగ్గుతుంది. బాస్ కాస్త వదులవుతుంది, నాకైతే నచ్చదు.

కొనేముందు స్పీకర్లు చేసినాయన్నే అడగండి, ఏ ఆంప్ పెట్టి ట్యూన్ చేశారో.