199 డాలర్ల ఐఫోన్ నిజంగా చవకేనా?

2008లో ఐఫోన్ 3జీ అమెరికాలో 199 డాలర్లు, అంటే అప్పటి లెక్కన ఎనిమిదిన్నర వేలు. మన దగ్గరేమో 31,000 రూపాయలు. ఇంత తేడా ఎందుకని కదా మీ ప్రశ్న?

ఆ 199 వెనకాల అక్కడి ఫోన్ సర్వీసు కంపెనీ ఏటీ అండ్ టీతో రెండేళ్ల కాంట్రాక్టు ఉంది. కాల్స్‌కు నెలకు దాదాపు 40 డాలర్లు, డేటాకు 30. అలా 24 నెలలకు 1,680. ఫోనుతో కలిపితే 1,879 డాలర్లు, పన్నులూ ఎస్సెమ్మెస్‌లూ కాక! మన డబ్బుల్లో 80 వేల దాకా అన్నమాట. మధ్యలో మానేస్తే జరిమానా వేరే. ఫోను ఖర్చులో కొంత ముందు కంపెనీయే భరించి, ఇలా నెలనెలా రాబట్టుకునేది.

మనవాళ్లలో ఎక్కువమంది ప్రీపెయిడ్. ఇవాళ ఈ సిమ్, రేపు ఇంకోటి. నెలనెలా రాబట్టుకునే దారి లేనప్పుడు ఏ కంపెనీ మాత్రం ఫోను ఖర్చు నెత్తినేసుకుంటుంది? అమెరికాలోనూ 2013లో టీ-మొబైల్ అనే ఇంకో సర్వీసు కంపెనీ ఫోను డబ్బులు, ప్లాను డబ్బులు విడదీసేసింది.