వెండి కాదన్నంత మాత్రాన నకిలీ కాదు: 1914–18 మెడల్

మీ ముత్తాతగారి యుద్ధపు మెడల్‌ని వన్ టౌన్ షాపులో గీటురాయి మీద గీసి "వెండి కాదు, డూప్లికేట్" అన్నారని రాశారు. అది కంచు రకం అయ్యుండొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ వెండిలో దాదాపు 65 లక్షలు ఇస్తే, కంచులో ఇచ్చినవి సుమారు 1,10,000 మాత్రమే. అవి ఎక్కువగా లేబర్ కోర్ (సైన్యం కోసం కూలి పనులు చేసిన దళాలు) వాళ్లకి, మనవాళ్లతో సహా. అంటే మీదే అరుదు.

1. ఒక వైపు ఐదో జార్జి తల, రెండో వైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 ఉన్నాయా చూడండి. వ్యాసం 36 మి.మీ.

2. అందరూ వదిలేసేది ఇదే: అంచు. బొమ్మలు కాదు, అంచు చదవండి. నంబరు, పేరు, దళం అక్కడే అచ్చుగుద్ది ఉంటాయి. ఎండలో పక్కకి వంచి, భూతద్దంతో చుట్టూ తిప్పి చూడండి. అంచు ఖాళీగా ఉంటే అనుమానించాల్సిందే. అక్షరాలు ఉన్నా, పాత పేరు ఆకురాయితో అరగదీసి కొత్తది చెక్కే ఘనులున్నారు. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) నాలుగైదు చోట్ల వ్యాసం కొలవండి. ఒకచోట తగ్గిందంటే అక్కడ చెయ్యి పడినట్టే.

3. చింతపండు పెట్టి తోమకండి, దయచేసి! మెరుపొస్తుంది, ధర పోతుంది.

ధర లోహం బరువుని బట్టి కాదు, అంచు మీది పేరు, దళాన్ని బట్టి. తూకానికి అడిగితే ఇవ్వకండి. అంచు ఫొటోలు నాలుగు పెట్టండి, చదివి చెప్తా.