జె-1 మీద రెసిడెన్సీ చేస్తే రెండేళ్లు వెనక్కి రావాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ అయ్యాక జె-1 వీసా మీద అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తోంది, ఇప్పుడు రెండో ఏడాది. తర్వాత కార్డియాలజీ ఫెలోషిప్ చేయాలని తన కోరిక. చదువు పూర్తయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలట. అక్కడి సిటిజెన్‌ను పెళ్లి చేసుకుంటే ఆ నిబంధన పోతుందని బంధువులంటున్నారు. ఇండియా ప్రభుత్వం నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుంటే చాలని స్నేహితులంటున్నారు. ఏది నిజం? గ్రీన్‌కార్డు దాకా దారి ఎలా ఉంటుంది?

జవాబు: ఆ రెండు మాటలూ నమ్మకండి. ఎన్‌ఓసీ దారి పరిశోధకులు, ఇతర జె-1 వాళ్లలో చాలామందికి ఉంది కానీ, రెసిడెన్సీ, ఫెలోషిప్ కోసం వెళ్లిన డాక్టర్లకు చట్టమే దాన్ని మూసేసింది. సిటిజెన్‌ను పెళ్లి చేసుకున్నా రెండేళ్ల షరతు అలాగే ఉంటుంది. కాకపోతే అసాధారణ కష్టం కింద వెయివర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) అడిగే వీలు కలుగుతుంది. అందులో భర్త ఆమెతో ఇండియాకు వచ్చినా కష్టమేనని, అమెరికాలోనే ఉండిపోయినా కష్టమేనని రెండూ కాగితాలతో రుజువు చేయాలి. విడిగా ఉండాల్సి రావడం ఒక్కటే సరిపోదు. వీసా కోసం పెళ్లి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ రెండేళ్లు పూర్తి చేయకుండా, వెయివర్ లేకుండా హెచ్-1బి (ఉద్యోగ వీసా) రాదు, గ్రీన్‌కార్డూ రాదు. జె-2 (జె-1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్లిన భర్తకూ ఇదే షరతు వర్తిస్తుంది.

ఎక్కువమంది డాక్టర్లు నడిచే దారి కాన్‌రాడ్ 30 అనే వెయివర్ పథకం. 1994లో మొదలైంది. ప్రతి రాష్ట్రానికీ ఫెడరల్ ఆర్థిక సంవత్సరానికి 30 చొప్పున వెయివర్లుంటాయి. డాక్టర్ల కొరత ఉన్నట్టు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో వారానికి 40 గంటల చొప్పున, హెచ్-1బి మీద మూడేళ్లు పనిచేయాలి. ఆ 30లో 10 దాకా, కొరత ప్రాంతం బయట ఉన్నా అక్కడి రోగులను చూసే ఆసుపత్రులకు ఇవ్వొచ్చు. ఈ హెచ్-1బికి లాటరీ లేదు, అది పెద్ద ఊరట. అంటే ముందు ఉద్యోగం దొరకాలి, దాని వెంటే వెయివర్ వస్తుంది.

మీ అమ్మాయి విషయంలో అసలు మెలిక ఫెలోషిప్ దగ్గరుంది. వెయివర్‌కు స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) సిఫారసు చేశాక జె-1 పొడిగింపు ఇక ఉండదు. రెసిడెన్సీ కాగానే వెయివర్ తీసుకుంటే, కార్డియాలజీ మూడేళ్ల ఉద్యోగం తర్వాతే. అప్పుడది హెచ్-1బి మీద చేయాలి, దాన్ని స్పాన్సర్ చేయని ఆసుపత్రులు చాలా ఉన్నాయి. జె-1 గరిష్ఠ కాలం 7 ఏళ్లు. ఇంటర్నల్ మెడిసిన్ 3, కార్డియాలజీ 3, మొత్తం 6. అందుకని ఫెలోషిప్ జె-1 మీదే ముగించి, ఆఖరి ఏడాదిలో వెయివర్‌కు వెళ్లడమే నా సలహా. ఒక్క ఇబ్బంది ఉంది: కొన్ని రాష్ట్రాలు ప్రైమరీ కేర్ వాళ్లకు ముందు ఇచ్చి, మిగిలితేనే స్పెషలిస్టులకు ఇస్తాయి. ఆమె అనుకుంటున్న రాష్ట్రాల నిబంధనలు ఇప్పుడే చదవమనండి.

ఫెలోషిప్ జూన్ 30న ముగుస్తుందనుకుంటే, ఉద్యోగం వెతకడం ఏడాదిన్నర ముందే మొదలుపెట్టాలి. ముందు ఏడాది వేసవి చివరికల్లా కాంట్రాక్టు మీద సంతకం అయిపోవాలి. ఎందుకంటే కోటా అక్టోబరు 1న కొత్తగా మొదలవుతుంది, గిరాకీ ఉన్న రాష్ట్రాల్లో త్వరగా నిండిపోతుంది. ఆన్‌లైన్‌లో వెయివర్ దరఖాస్తు ఫారం డిఎస్-3035 నింపితే ఒక కేసు నంబరు వస్తుంది. పంపే ప్రతి పేజీ మీదా ఆ నంబరు ఉండాలి. తొలి ఏడాది నుంచి వచ్చిన డిఎస్-2019లన్నీ (జె-1 అర్హత పత్రాలు) జతచేయాలి, ఒకటి తప్పినా ఫైలు ఆగుతుంది. రాష్ట్రం ఒప్పుకుంటే స్టేట్ డిపార్ట్‌మెంట్‌కు, అక్కడి సిఫారసుతో యూఎస్‌సీఐఎస్‌కు (అమెరికా ఇమిగ్రేషన్ విభాగం), ఆ తర్వాత హెచ్-1బి పిటిషన్. హెచ్-1బికి యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికా మెడికల్ లైసెన్సు పరీక్ష) స్టెప్ 3 పాసై ఉండాలి, పనిచేసే రాష్ట్రం లైసెన్సు కావాలి. లైసెన్సుకే నెలలు పడుతుంది, దాన్ని ఆఖరికి వదిలేసి ఇరుక్కునేవాళ్లు ఎందరో. వెయివర్ వచ్చిన 90 రోజుల్లో పనిలో చేరాలి.

కాంట్రాక్టు చదివేటప్పుడు మూడు చోట్ల ఆగమనండి. పనిచేసే క్లినిక్ చిరునామా స్పష్టంగా ఉందా? ఇంకో శాఖకు పంపితే అనుమతులు మళ్లీ తెచ్చుకోవాలి. కారణం చెప్పకుండా తీసేసే క్లాజు ఉందా? మధ్యలో ఉద్యోగం పోతే, ఆసుపత్రి మూతపడడం లాంటి బలమైన కారణం చూపి ఇంకో కొరత ప్రాంతంలో చేరాలి. లేకపోతే రెండేళ్ల షరతు తిరిగి మెడకు చుట్టుకుంటుంది. మూడోది, మానేశాక పాత కేసులకు వర్తించే మాల్‌ప్రాక్టీస్ టెయిల్ ఇన్సూరెన్సు ఎవరు కట్టాలి? ఈ సొమ్ము చిన్నది కాదు.

హెచ్-1బి పిటిషన్ తేలేదాకా ఆమె అమెరికాలోనే ఉంటే మంచిది. 2025 సెప్టెంబరు ప్రకటన ప్రకారం, దేశం బయట ఉన్నవారి కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలి. లోపలే ఉండి స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ తర్వాత స్పష్టం చేసింది. మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకోవాలంటే ముందు లాయర్‌ను అడగాలి.

గ్రీన్‌కార్డు సంగతికొస్తే, వెయివర్ కంటే క్యూయే పెద్దది. ఇండియాలో పుట్టినవాళ్లకు ఈబీ-2లో (ఉన్నత చదువులున్నవాళ్ల గ్రీన్‌కార్డు కేటగిరీ) పదేళ్ల పైమాటే. అక్కడ లెక్కలోకొచ్చేది ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ చోటు నిర్ణయించే తేదీ. యజమాని పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) వేస్తే అది దాఖలైన రోజు, డాక్టర్ల నేషనల్ ఇంటరెస్ట్ వెయివర్ (పెర్మ్ లేకుండా గ్రీన్‌కార్డు అడిగే దారి) అయితే ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) వేసిన రోజు. ఈ రెండోదానికి కొరత ప్రాంతంలో మొత్తం అయిదేళ్ల సేవ కావాలి, కాన్‌రాడ్ మూడేళ్లూ అందులో కలుస్తాయి. అయిదేళ్లయ్యే దాకా ఆగకుండా ఐ-140 ముందే వేయొచ్చు. చాలామంది మూడేళ్లు పూర్తయ్యాక చూద్దాంలే అనుకుని క్యూలో మూడేళ్లు పోగొట్టుకుంటారు. చేరిన మొదటి నెలల్లోనే వేయమనండి. ఐ-140 ఆమోదం వచ్చాక ఆరేళ్ల పరిమితి దాటినా హెచ్-1బిని మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. భర్త ఇండియా కాకుండా మరో దేశంలో పుట్టినవాడైతే, ఆ దేశం క్యూలో నిలబడే అవకాశమూ ఉంది.

ఆమెకు పెళ్లయితే, అల్లుడి ఉద్యోగం గురించీ ముందే అనుకోండి. జె-2 మీద వర్క్ పర్మిట్ తీసుకుని పనిచేయొచ్చు. ఆమె హెచ్-1బికి మారగానే ఆయన హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) అవుతాడు, ఐ-140 ఆమోదం వచ్చేదాకా ఆ వీసా మీద పనిచేయలేడు. ఐ-140 తొందరగా వేయమనడానికి ఇది రెండో కారణం.